పక్కగది గోడ

వైద్యం చదివే అమ్మాయిల హాస్టల్లో ఆ గదికి తాళం పడి నెల కావస్తోంది. అందులో ఉండే సీనియరక్క తన ప్రాణం తనే తీసుకుంది. రోగి వీపు మీద వేళ్ళతో తట్టి, ఆ చప్పుడును బట్టి లోపలి జబ్బును పట్టడం పక్కగదిలో ఉండే, తను 'పిట్ట' అని పిలుచుకునే జూనియరుకి ఆమే నేర్పింది, రెండు గదుల మధ్య గోడ మీద. "గోడకి జలుబు చేసిందే పిట్టా," అని నవ్వేది.

పిట్ట పరీక్ష రెండోసారీ తప్పింది. ఆ రాత్రి ఫోన్ ఆపేసి, ఇక తెల్లవారకపోతే బాగుండునని ఆ గోడకే జారగిలబడింది.

అవతల నుంచి టక్ టక్‌మని చప్పుడు. అది మెల్లగా గోడ వెంట జరిగి, సరిగ్గా ఆమె గుండె వెనక ఆగింది. అక్కడే మళ్ళీ మళ్ళీ తట్టింది.

పిట్ట ఒక్క ఉదుటున వెళ్ళి ఎదురుగది తలుపు బాదింది.

"ఏంటే, దయ్యాన్ని చూసినదానిలా?" అంది స్నేహితురాలు.

"ఒంటరిగా ఉంటే ఏం చేసుకుంటానో అని భయంగా ఉందే."

స్నేహితురాలి నవ్వు ఆగిపోయింది. చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుంది. "పొద్దున్నే డాక్టరు దగ్గరికి నేనూ వస్తా. ఇప్పుడు నాతో మాట్లాడు."

ఇద్దరికీ వినిపించింది. చప్పుడు ఇంకో గదికి జరిగింది. ఆ తర్వాత మరో గదికి. ప్రతి గోడ దగ్గరా కాసేపు ఆగుతూ, వింటూ.