చూరిలి

"ఈ వారం ఒక్క బేరమైనా తగలకపోతే నీ కౌంటరు ఎత్తేసి ఫోను కవర్లు పెడతాను," అని పొద్దున్నే చెప్పేసి యజమాని లోపలి గదిలోకి వెళ్లిపోయాడు.

అది ఎలక్ట్రానిక్ నిఘంటువుల కౌంటరు. సేల్స్‌మన్ అక్కడ చాన్నాళ్లుగా ఈగలు తోలుకుంటున్నాడు. అర్థాలన్నీ ఫోనులో ఊరికే దొరుకుతుంటే డబ్బు పెట్టి కొనేదెవరు? కౌంటరు ఎత్తేస్తే తన ఉద్యోగానికీ నీళ్లు వదులుకోవాల్సిందే. అతనికి భయంగా ఉంది.

అంతలో ఒక పెద్దాయన వచ్చాడు. వెంట ఒకావిడ. కూతురో, కోడలో అనుకున్నాడు సేల్స్‌మన్.

"ఎన్ని రకాలున్నాయి బాబూ?"

సేల్స్‌మన్ అన్నీ పరిచేశాడు. జేబులో పట్టేది, పైకి చదివి వినిపించేది, కంప్యూటర్లో వేసుకునే సీడీ, అచ్చులో ఉన్న మాట మీద గీస్తే అర్థం చూపించే పెన్ను.

"అన్నిట్లో ఉన్నది ఒకే నిఘంటువా?"

"ఒకటే సార్. మా కంపెనీ పండితులు ఏళ్ల తరబడి కూర్చుని సొంతంగా రాసింది. ఇందులో లేని మాట భాషలోనే లేదు."

పెద్దాయన జేబుదానిలో 'చూరిలి' అని కొట్టాడు. 'వాన వెలిశాక చూరు నుంచి ఆఖరున రాలే చుక్క' అని వచ్చింది. రెండోది అదే చదివి వినిపించింది. సీడీలోనూ అక్షరం పొల్లుపోలేదు. ఆ మాట అచ్చేసి ఉన్న కాగితం ముక్క జేబులోంచి తీసి పెన్నుతో గీశాడు. అదే అర్థం. ఆవిడ ఒక్కోదానికీ ఫొటో తీసింది.

ఆ మాట సేల్స్‌మన్ జన్మలో వినలేదు. అలాగని చేతికందిన బేరాన్ని వదులుకుంటాడా?

"ఎంత మంచి మాట పట్టారు సార్. మా నాయనమ్మ రోజుకు పదిసార్లు అనేది. 'చూరిలి పడిందిరా, ఇక పోయి ఆడుకో' అనేది."

పెద్దాయన అతని మొహంలోకి తేరిపార చూశాడు.

"నిజంగానా?"

"ఒట్టు సార్."

"అయితే అన్నీ ఒక్కోటి ఇచ్చెయ్. బిల్లు మీద కంపెనీ ముద్ర మాత్రం స్పష్టంగా పడాలి."

సేల్స్‌మన్‌కి కాళ్లు నేల మీద నిలవలేదు. ఒకటికి రెండుసార్లు ముద్ర గుద్దాడు. యజమానిని కేకేసి మరీ బిల్లు చూపించాడు. ఆయన చేతులు నలుపుకుంటూ బయటికి వచ్చాడు.

"ఇవన్నీ ఇంట్లోకేనా సార్?"

"కాదండీ, కోర్టుకి," అంది ఆవిడ బిల్లు ఫైల్లో పెట్టుకుంటూ.

"కోర్టుకా?" అన్నాడు యజమాని.

"మీ నాయనమ్మ ఘటికురాలు బాబూ," అన్నాడు పెద్దాయన గుమ్మం దిగబోతూ, "నా నిఘంటువును ఎవరైనా కాజేస్తే దొరికిపోవాలని నా అంతట నేను కల్పించి అందులో పెట్టిన మాటను రోజుకు పదిసార్లు అనేదంటే."