నమెలే ఆకు అవతల

తెల్ల ముసలాయన పడవ దిగి, ఇసుకలో పాతిన నమెలే ఆకుల దగ్గర ఆగిపోయాడు.

ఆ ఆకులు పాతాక చీఫ్ పిలవనిదే ఎవరూ దాటకూడదు. దాటితే పందులు జరిమానా కట్టాలి.

"ఆగావేం తాతా? మొన్న వచ్చినవాళ్లు వీటిని తొక్కుకుంటూ పోయారు," అన్నాడు కాపలా ఉన్న సేతీ.

"చీఫ్ పిలిస్తే వస్తాను. నేను డాక్టర్ని," అన్నాడాయన, వాళ్ల భాషలోనే.

సేతీ వెళ్లి చీఫ్ అయిన తన బావకు చెప్పాడు.

చీఫ్ కల్మెట్ కోపంలో న్యాయం లేకపోలేదు. తుఫాను వెలిసీ వెలవకముందే ఏవో పడవలు చెప్పాపెట్టకుండా వచ్చాయి. అందులోవాళ్లు సమాధుల మీద గుడారాలు వేశారు. జెండా పాతి, బిస్కెట్లు పంచుతూ ఫొటోలు తీసుకుని వెళ్లిపోయారు.

"కూర్చోనీ. ఇది వనువాటు. ఇంగ్లీషోణ్ణీ ఫ్రెంచోణ్ణీ సాగనంపి తెచ్చుకున్న నేల. వీళ్లు ముందు మందంటారు, తర్వాత ఈ మట్టి మాదంటారు. చూస్తూ ఉండు, వాడే దాటేస్తాడు."

లోపల మనవడు తారీకి వాంతులు, విరేచనాలు. పందులు చచ్చి తేలిన బావినీళ్లే ఊరంతా తాగుతోంది.

"నాన్నా, డాక్టరట. పిలువు," అంది కూతురు లెయ్‌మారా.

"దిగినవాడల్లా డాక్టరేనమ్మా!"

మధ్యాహ్నం సేతీ మళ్లీ వచ్చాడు. చేతిలో పొట్లాలున్నాయి.

"బావా, పిల్లాడి సంగతి చెప్పాను. తనను పిలవకపోయినా పర్లేదట. ఇవి కాచిన నీళ్లలో కలిపి పట్టమన్నాడు. ఉప్పూ చక్కెరేనట."

"ఉప్పా? కావలసినంత ఉప్పు సముద్రమే పోసి పోయింది."

పొట్లాలు బురదలో పడ్డాయి. పౌరుషం మంచిదే. ఆ పూట అది పంతమై కూర్చుంది.

"ఇంకా దాటలేదా?" అన్నాడు కల్మెట్ కాసేపటికి.

"లేదు బావా. ఎండకి మాడిపోతున్నాడు. ఆకుల మీద నీడ కూడా పడనివ్వడం లేదు."

"నటన."

పొద్దు వాలేసరికి తారీ మూలగడం మానేశాడు. లెయ్‌మారా ఇక తండ్రిని అడగలేదు. బిడ్డను భుజాన వేసుకుని రేవుకు పరుగెత్తింది.

ముసలాయన ఆకుల మీదుగా చేతులు చాచి పిల్లవాణ్ణి అందుకున్నాడు. గుండె మీద చెవి పెట్టి విన్నాడు. చాలాసేపు విన్నాడు.

తర్వాత టోపీ తీసి ఇసుకలో పెట్టాడు.

లెయ్‌మారా ఏడుపుకి ఊరంతా రేవుకొచ్చింది. కల్మెట్ ఆకుల్ని తొక్కుకుంటూ వెళ్లి ఆయన చొక్కా పట్టుకున్నాడు.

"ఎందుకు దాటలేదురా? అందరూ దాటారు కదరా! నువ్వెందుకు దాటలేదు?"

ముసలాయన కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి.

"మాటిచ్చాను," అన్నాడు.

ఆ గొంతు విని, చూపు ఆనని కల్మెట్ తల్లి జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది. తడుముకుంటూ ఆయన ముఖం పట్టుకుంది.

"చొక్కా వదలరా," అంది కొడుకుతో. "ఒకప్పుడు ఈ రేవు ఇతనిదే. నువ్వు పక్క దీవిలో చదువుకునే రోజుల్లో, స్వాతంత్య్రం ఇంకా రాకముందే, ఎవరూ అడక్కుండానే దీన్ని మీ నాన్న చేతిలో పెట్టి, ఇకమీదట మీరు పిలిస్తేనే ఇక్కడ కాలు పెడతానని మాటిచ్చి వెళ్లాడు."