చుక్క నీరు రాదండీ!

“చీపురు దాచెయ్! కారొచ్చింది!” అన్నారు పెయింటరు గారు, గచ్చు మీది చివరి తడిని గోనెపట్టాతో అద్దేస్తూ.

భార్య చీపురుతోపాటు నిట్టూర్పునూ తలుపు వెనకే దాచేసింది.

సముద్రం ఏటేటా ముందుకొస్తుంటే ఆ వరసలో ఇళ్ల ధరలు వెనక్కి పోతున్నాయి. అమ్మకానికి పెట్టిన బోర్డులు తుప్పు పడుతున్నాయే తప్ప తలుపు తట్టే నాథుడు లేడు. పోటు వచ్చిందంటే పెరడంతా మోకాలి లోతు నీళ్లు. కొండ మీద ఫ్లాటుకి అప్పుడే బయానా ఇచ్చేశారు. ఈ నెలలో ఇల్లు అమ్ముడుపోకపోతే అదీ గంగపాలే.

అందుకే చూసేవాళ్లని ఆటు వేళకే రమ్మంటారాయన. గోడ మీది ఉప్పుచార మీద నీలం రంగు పట్టీ లాగి దానికి ‘డిజైను’ అని పేరు పెట్టారు. అమ్మకమంతా నమ్మకంలోనే ఉందని ఆయన గట్టి నమ్మకం.

పొరుగూరి బ్రోకరు ఒక బక్కపల్చటి మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. ఆ మనిషి హాలు చూడలేదు, వంటిల్లు చూడలేదు. తిన్నగా పెరట్లోకి నడిచి, వెనక గేటు వెడల్పు చేతులు చాచి చూసుకుని, సముద్రం కేసి తిరిగాడు.

“నీళ్లు ఇక్కడిదాకా వస్తాయా అండీ?”

‘ఉప్పు దాచితే ముప్పు బయటపడిందిరా’ అనుకున్నారు పెయింటరు గారు. “ఇక్కడికా? అబ్బే!”

“పోటు రోజుల్లో?”

“ఈ ఇంట్లో తలపోటు తప్ప ఏ పోటూ లేదండీ!”

ఆ మనిషి మొహం ముడుచుకుంది. “అయితే మీరు చెప్పిన ధర ఎక్కువ. తగ్గించండి.”

నమ్మలేదన్నమాట! పెయింటరు గారు ధర తగ్గించి, గొంతు పెంచారు. “మా అమ్మాయి ఇసుకతో ఇల్లు కట్టుకున్నది ఇక్కడేనండీ. దాని గోడైనా తడవలేదు!”

“పోనీ, గేటుదాకా?”

“ఒట్టు! చుక్క నీరు రాదు.”

“ఇంకా తగ్గించాలి మరి.”

భార్య ఆయన చొక్కా లాగింది. “ఏమండీ, ఉన్నమాట చెప్పేద్దామండీ.”

“చెబితే మునుగుతాం.”

“చెప్పకపోయినా మునుగుతున్నాంగా!”

“అందుకే నోరు మూసుకుని తేలు!”

ఒట్టు మీద ఒట్టు పడుతున్నకొద్దీ ధర మెట్టు మీద మెట్టు దిగింది. చివరికి సగానికి సగం దగ్గర ఆగింది. అయితేనేం, బేరం కుదిరింది, రిజిస్ట్రేషనూ అయిపోయింది!

సామాన్ల లారీ కొండెక్కుతుంటే పెయింటరు గారి మీసం ఆయనకంటే ముందే ఎక్కింది. “మునిగే కొంపని పొడి కొంపగా అమ్మినవాడు ఈ తీరంలో నా తీరున ఇంకొకడున్నాడా? చెప్పవోయ్ బ్రోకరూ!”

“లేడండీ,” అన్నాడు పక్కన ఇరుక్కుని కూర్చున్న బ్రోకరు, తెల్లమొహం వేసి. “మునిగే కొంపా? నాకు చెప్పలేదే!”

“చెబితే అమ్మేవాడివా?”

ఆవిడకి మాత్రం మనసొప్పలేదు. “పాపం, ఆ మనిషి మొహం వేలాడేసుకునే సంతకం పెట్టాడు. ఇంతకీ ఏం చేస్తుంటాడు బాబూ?”

బ్రోకరు నెత్తి కొట్టుకున్నాడు.

“పడవలు కడతాడమ్మా.”