మూడో ప్లగ్గు

"ఇది అయిదోసారి," అంది కోడలు, కారు పక్కన నిలబడి. "ఇవాళ కూడా కుదరకపోతే ఆ ముక్క ఇప్పుడే చెప్పెయ్యండి. ఇంకెవరినైనా చూసుకుంటాను."

మెకానిక్కమ్మ బానెట్ కింద నుంచి తల ఎత్తలేదు. ఎత్తి ఏ మొహం పెట్టుకుని చూస్తుంది? పాతికేళ్ళ నాటి కారు, నిజమే. కానీ ఆడమనిషి చేతికి బండి అప్పగించేవాళ్ళే తక్కువ. వాళ్ళని నిలబెట్టుకోవడానికి ఆమెకి ఇరవై ఏళ్ళు పట్టింది. ఈ ఇరవై ఏళ్ళలో 'నాకు చేతకాదు' అన్న మాట ఆమె నోట రాలేదు. ఇప్పుడీ ఒక్క డొక్కు కారు ఆ పేరంతా గంగలో కలిపేలా ఉంది.

కోడలి తొందర కోడలిది. ఆమె ఇవాళే కొత్త ఉద్యోగంలో చేరాలి. మొగుడు తెల్లారకుండానే పనికి పోతాడు. కాబట్టి ఇకనుంచి పాపని మామగారే కార్లో బడికి దింపాలని ఇంట్లో తీర్మానమైంది. ఆయన నలభై ఏళ్ళు డ్రైవరుగా చేసి, బండి మీద ఒక్క గీత పడనివ్వని మనిషి. ఆయనదేం లేదు, బండే మొరాయిస్తోంది. బాగుచేసిన రెండో రోజుకల్లా మళ్ళీ ఇంజను మిస్సింగ్, మళ్ళీ ఫోను.

పది నిమిషాలు చాలంది మెకానిక్కమ్మ. ఆ పది నిమిషాలు దాటితే బడి గేటు మూసేస్తారంటూ, కోడలు పాపకి జడ వెయ్యడానికి లోపలికి వెళ్ళింది.

ఇంజను చలిజ్వరం వచ్చినట్టు వణుకుతోంది. నాలుగు సిలిండర్లలో ఒకటి పని ఎగ్గొడుతోందన్నమాట. మెకానిక్కమ్మ, సిలిండర్లకి నిప్పురవ్వనిచ్చే ప్లగ్గుల మీది వైరు టోపీలు ఒక్కొక్కటే పీకి చూసింది. మొదటిది పీకగానే ఇంజను ఇంకాస్త కుంటింది. అంటే అది పనిచేస్తున్నట్టే. దాన్ని పెట్టేసి రెండోది పీకింది. కుంటింది. నాలుగోదీ అంతే. మూడోది పీకితే మాత్రం ఏ మార్పూ లేదు. చచ్చినదాన్ని మళ్ళీ చంపలేం కదా.

మళ్ళీ మూడోదే! ఆ ప్లగ్గు మార్చింది, వైరు మార్చింది, ఇక మార్చడానికి మిగిలింది మెకానిక్కే. అయితే ఇప్పుడా టోపీ వేలు తగలగానే ఊడొచ్చింది. సరిగ్గా నొక్కిన టోపీ టక్కుమని కూర్చుంటుంది, పీకాలంటే బలం కావాలి. ఇది ఊరికే పైన ఆనించి ఉంది.

మెకానిక్కమ్మ ఇంజను ఆపి, టోపీ తిప్పి చూసింది. పోయినసారే అనుమానమొచ్చి, దాని అంచు కింద కనబడకుండా నల్ల గ్రీజు పూసి వెళ్ళింది. ఇప్పుడా గ్రీజు మీద వేళ్ళ జాడలున్నాయి. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. గ్రీజు పట్టిస్తుంది.

ఒళ్ళు మండిపోయింది ఆమెకి. ఇంతకీ ఎవరు? కోడలి చేతులు ఇందాకే చూసింది, కడిగిన ముత్యాల్లా ఉన్నాయి.

అప్పుడే పెద్దాయన ఇంట్లోంచి వచ్చాడు. నలభై ఏళ్ళ అలవాటేమో, కారుని ఆప్యాయంగా నిమురుకుంటూ ముందుకి నడిచాడు. తెల్లగా మెరిసిపోతున్న చొక్కా. దాని జేబు మీద మూడు నల్లటి వేలిముద్రలు.

మెకానిక్కమ్మ చేతిలోని టోపీనీ ఆ జేబునీ మార్చి మార్చి చూసింది. ఇన్నిసార్లూ కోడలి ముందు తనని వెనకేసుకొచ్చింది ఈయనే. ఆ అమ్మాయి తప్పేం లేదు, బండే ముసలిదైపోయింది అని.

"మీరా పెద్దాయనా?" అంది ఆమె కోపంగా. "నా పొట్ట కొట్టాలని ఎందుకనిపించింది మీకు?"

"ఏమిటమ్మా నువ్వనేది?"

"మీ చొక్కా చూసుకోండి."

ఆయన తల వంచి, జేబు చేత్తో పట్టుకుని మరీ పరీక్షగా చూసుకున్నాడు. "ఏముంది? ఇప్పుడే ఇస్త్రీ చేసింది. మల్లెపువ్వులా ఉంది."

మరకలు ఆయన వేళ్ళ కిందే ఉన్నాయి.

మెకానిక్కమ్మ కోపం నీరైపోయింది. "ఎన్నాళ్ళయింది?" అంది నెమ్మదిగా.

ఆయన ముందు తల అడ్డంగా ఊపాడు, తర్వాత దించేశాడు. చలికాలంలో మొదలైందట. ముందు మసక, తర్వాత మంచు, ఇప్పుడు మనుషులు కూడా నీడలే. ఆ టోపీ మటుకు కళ్ళు మూసుకుని పీకగలడు.

"ఇంట్లో చెప్పచ్చుగా?"

"బండి చెడిందంటే నిన్ను తిడతారు. నా కళ్ళు చెడ్డాయంటే నన్నెవరూ తిట్టరమ్మా, జాలిపడతారు. అది నేను పడలేను." ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "అలాగని పసిదాన్ని ఎక్కించుకుని ఎలా తోలను?"

లోపల బూట్ల చప్పుడైంది. రేపు పొద్దున్నే తనతో కంటాస్పత్రికి రావాలంది మెకానిక్కమ్మ. ఆయన తలూపాడు.

టోపీ ఇంకా ఆమె చేతిలోనే ఉంది. ఒక్క నొక్కు నొక్కితే చాలు, ఇంజను పాటలా తిరుగుతుంది, ఇరవై ఏళ్ళ పేరు నిలబడుతుంది.

కోడలు పాప చెయ్యి పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "అయిందా?"

మెకానిక్కమ్మ టోపీని నొక్కకుండానే వదిలేసి బానెట్ మూసింది. నల్లటి తన అరచేతిని పెద్దాయన జేబు మీద, సరిగ్గా ఆ వేలిముద్రల మీదే అద్దింది.

"అయ్యో, చొక్కా పాడుచేశాను, ఏమనుకోకండి," అని కోడలి వైపు తిరిగింది. "పాపని బస్సెక్కించండమ్మా. ఈ బండి బాగుచెయ్యడం నాకు చేతకాదు."