కదిలేటప్పటి అదురు

"చాలు, ఆపు. గేటు దాటకముందే వణికి చచ్చింది కదా, ఇంకా ఊరంతా తిప్పుతావా?" అన్నాడు పెద్దమేస్త్రి.

స్టీరింగు దగ్గరున్న యువకుడు బ్రేకు వేశాడు. పికప్ బండి షెడ్డు గేటు దగ్గర ఆగింది.

"వేగం అందుకున్నాక ఎలా ఉంటుందో కూడా చూడాలండీ."

"చూడు, చూడు. గాలి కూడా తగులుతుంది." మేస్త్రి దిగి, తలుపు ధడాలున వేశాడు. గేటు దగ్గర నిలబడ్డ బావమరిదితో, బండిలో వాడికి వినపడేలాగే అన్నాడు: "రోగం ఇక్కడుంటే వీడు వైద్యానికి బజారుకు పోతానంటాడు."

బండి మళ్ళీ గడగడా అదిరి, కదిలి, వీధి మలుపు తిరిగిపోయింది.

ఈ సంబంధం తెచ్చింది ఆ బావమరిదే. పెద్దమేస్త్రికి ఒక్కతే కూతురు. అల్లుడయ్యేవాడికి పిల్లతోపాటు షెడ్డూ దక్కుతుంది. అందుకని వచ్చిన ప్రతి మెకానిక్కుకూ ఒకటే పరీక్ష. ఇంజను బలాన్ని వెనక చక్రాలకు అందించే షాఫ్టును మేస్త్రి ముందే విప్పి, దాని రెండు ముక్కలనూ పళ్ళు తప్పించి బిగించి ఉంచేవాడు. బండి అదిరేది. ఎందుకు అదురుతోందో చెప్పినవాడికే పిల్ల. ఇంతవరకూ ఒక్కడూ చెప్పలేదు. ఒకడు క్లచ్ అన్నాడు. ఒకడు టైర్లు మార్చమన్నాడు. ఇంకొకడు, "మీకేమనిపిస్తోంది మావయ్యగారూ?" అని ఇకిలించాడు. వాడికి మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా పంపేశాడు మేస్త్రి.

"ఈసారైనా కాస్త మెత్తగా మాట్లాడు బావా," అన్నాడు బావమరిది. "అమ్మాయికి ఇతను నచ్చాడు."

"నచ్చితే? మొహం చూసి బండి అప్పగిస్తారట్రా ఎవరైనా?"

"బండి కాదు బావా, పిల్ల."

"రెండూ నావే."

స్పేరుపార్టుల కౌంటరు వెనక కూర్చుని అమ్మాయి బోల్టులు ఏరుతోంది. తలెత్తలేదు. చిన్నప్పుడు తండ్రి బండి కింద నుంచి చెయ్యి చాస్తే, ఏ స్పానరు కావాలో అడక్కుండానే అందించేది. ఎదిగాక ఆయనే తీసుకెళ్ళి కౌంటరు వెనక కూర్చోబెట్టాడు.

బండి తిరిగి వచ్చింది. యువకుడు దాన్ని, బండ్ల అడుగు భాగం చూడడానికి షెడ్డులో తవ్విన గుంత మీద నిలిపి, లైటు పట్టుకుని కిందికి దిగాడు. చాలాసేపు ఇనుపరాడ్డుతో ఏదో ఎత్తి చూస్తున్న చప్పుడు వినిపించింది. మేస్త్రి కుర్చీ వేసుకుని కూర్చుని ఆవులించాడు.

"ఏమయ్యా, నిద్రపోయావా లోపల?"

యువకుడు చేతులు తుడుచుకుంటూ పైకి వచ్చాడు.

"సెలవియ్యండి, డాక్టరుగారూ," అన్నాడు మేస్త్రి.

"షాఫ్టు సరిగ్గానే ఉందండీ."

మేస్త్రి కుర్చీ చేతులు పట్టుకుని నవ్వాడు. "సరిగ్గానే ఉందిట! ఒరేయ్, ఎక్కడ పట్టుకొచ్చావురా వీణ్ణి? సైకిలు షాపులోనా?"

యువకుడు నవ్వు అయ్యేదాకా ఆగాడు. "షాఫ్టు పళ్ళు తప్పి ఉంటే వేగం పెరిగేకొద్దీ అదురూ పెరగాలి. ఇది కదిలేటప్పుడే అదిరి, తర్వాత సర్దుకుంటోంది. షాఫ్టును మధ్యలో పట్టి ఉంచే బేరింగు రబ్బరు చిరిగిపోయింది. బండి లాగగానే షాఫ్టు ఎగిరి పడుతోంది. చాలాకాలం అదురుతూ తిరిగినట్టుంది, అందుకే చిరిగింది. ఒకసారి దిగి చూడండి."

"నా బండి కింద ఏముందో నువ్వు చెబితే నేను చూడాలా? నువ్వు పుట్టకముందు నుంచీ ఆ గుంతలో ఉన్నానోయ్."

బావమరిది ఉండబట్టలేక యువకుణ్ణి పక్కకు లాగాడు. "షాఫ్టు పళ్ళు తప్పాయని ఒక్క ముక్క అనెయ్యవయ్యా," అని చెవిలో గొణిగాడు. "ఆయనకు కావలసింది అదే. నీ సొమ్మేం పోయింది?"

యువకుడు కౌంటరు వైపు చూశాడు. బోల్టుల మధ్య అమ్మాయి చెయ్యి ఆగిపోయి ఉంది.

"తప్పలేదండీ," అన్నాడు పైకే. "తప్పాయని ఎలా అనను?"

"ఏంటా గుసగుసలు?" మేస్త్రి లేచి వచ్చాడు. "మామా అల్లుళ్ళు అప్పుడే ఒకటైపోయారా? సరే, నేనే దారి చూపిస్తా. గుడ్డివాడికి కర్ర ఇచ్చినట్టు అనుకో. షాఫ్టులో తప్పుందా, లేదా? ఉందన్నావంటే ఈ క్షణమే పిల్లనిస్తా."

బావమరిది వెనక నుంచి ఉందనమని తల ఊపుతున్నాడు.

యువకుడు తల అడ్డంగా ఊపాడు. "లేదండీ."

"పళ్ళు తప్పించి బిగించింది నేనేరా, దద్దమ్మా! మొన్న ఈ చేతులతోనే బిగించాను! పెట్టిన తప్పు కనిపించదు గానీ, లేని రబ్బరు చిరుగులు కనిపించాయా నీకు?"

యువకుడి మొహం పాలిపోయింది. ఒకసారి బండి వైపు తిరిగి చూశాడు. "నాకు కనిపించిందే చెప్పాను," అని సంచీ భుజాన వేసుకుని బయటికి నడిచాడు.

"పంక్చర్లు వేసుకో నాయనా, బాగుపడతావు!" అని వెనక నుంచి కేకేశాడు మేస్త్రి.

కౌంటరు చెక్క ఎత్తి అమ్మాయి బయటికి వచ్చింది.

"నాన్నా, ఆయన్ని వెనక్కి పిలు."

"ఎందుకు? టీ తాగలేదనా?"

"పెళ్ళి మాట్లాడడానికి."

"ఈ మొద్దుతోనా? మతి గానీ పోయిందా నీకు?"

"ఇంతకుముందు వచ్చిపోయినవాళ్ళంతా నీ మొహం చూసి మాట్లాడారు. ఈయన బండిని చూసి మాట్లాడాడు. ఒక్కసారి గుంతలోకి దిగి చూడు నాన్నా."

"నేను బిగించిందాన్ని నేను చూసేదేమిటే?"

"నువ్వు తప్పించిన షాఫ్టును నిన్ననే నేను సరిచేసేశాను."