బూరుగుకు ధూపం

మా కుందేలు బూరుగుకు జలుబు చేసి, ఊపిరి బరువై, తిండి మానేసింది. ఇప్పుడు ప్రతి ఇంటి గోడా ఊపిరి విని రోగం చెబుతుంది గనుక మందు కూడా గోడే తెప్పించింది. అయినా ముక్కు కారడం తగ్గలేదు. దేవుడి దగ్గరుంటే మేలని నేనే దాని గూటిని పూజగదిలో పెట్టాను.

ఆ ఉదయం నిప్పుల మీద సాంబ్రాణి వేయబోతుంటే గోడ మాట్లాడింది. "అమ్మా, ఆ పొగకే దాని జబ్బు తగ్గడం లేదు. ఇవాళ కూడా తినకపోతే బతకదు."

"కాపురానికొచ్చిన నాటినుంచీ ధూపం మానలేదు," అన్నాను.

"సాంబ్రాణి లేకపోతే స్వామికి ఊపిరాడదుటే?" అన్నారు మా ఆయన రామానుజం, గూడు తుడుస్తూ.

"మీరు ఊరుకోండి. స్నానమైనా చెయ్యకుండా లోపలికొచ్చారు."

అన్నానే గాని, నిప్పుల గిన్నె తీసుకెళ్లి వరండాలో పెట్టేశాను. గూటి తలుపు తెరిచి, ఎదురుగా నెబ్యులైజర్ పెట్టి పూజ మొదలుపెట్టాను. ధూపం వంతు వచ్చేసరికి నా చేతిలో ఏమీ లేదు. మందు ఆవిరి తెల్లగా లేచి, బూరుగు మీదుగా స్వామి పటం దాకా వెళ్తోంది.

"ధూపమాఘ్రాపయామి," అన్నాను. వాసన చూడమనే ఆ మాట ఇద్దరిలో ఎవరితో అన్నానో నాకే తెలియలేదు.

బూరుగు ముక్కు కదిలింది. మెల్లగా మెడ చాచి, పళ్లెంలోని తులసి దళం లాక్కుని నమిలింది.

"ఎంగిలి చేసిందే. ఇంకా నివేదన కాలేదు," అన్నారాయన.

"అయింది," అని ఇంకో దళం అందించాను.