ఇల్లు కదలని పిల్లి

“దీనికి గొంతు కొంచెం ఎక్కువలా ఉందే!” అన్నారు మావయ్యగారు.

నాజూగ్గా ఉన్న ఆ సయామీ పిల్లి, తన సంగతే అని తెలిసినట్టు, కొట్టంతా మోగేలా అరిచింది.

“కబుర్ల పోగండీ. ఇంట్లో ఇంకో మనిషి ఉన్నట్టే ఉంటుంది,” అన్నాడు పిల్లుల కొట్టు యజమాని.

“వద్దు బాబూ. అరిచేది అస్సలు వద్దు.”

కోడలు తలూపింది. అపార్ట్‌మెంటులో అరిచే పిల్లిని పెట్టుకుంటే పక్కవాళ్లతో రోజూ తగువే.

మావయ్యగారు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ కాలికి బలపం కట్టుకుని తిరిగిన మనిషి. ఆ తర్వాత కూడా, సాయంత్రమైతే పాత డ్రైవర్లతో నాలుగెత్తులు చదరంగం ఆడనిదే ఆయనకి ముద్ద దిగేది కాదు. అలాంటి మనిషి కిందటి వానల్లో మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నారు. కట్టు విప్పారు, ఎముక అతికింది. అయినా ఊరూరా తిరిగే పనిలో ఉన్న కొడుకు భార్యకి ఫోన్లో తేల్చి చెప్పేశాడు. “నాన్న గడప దాటడానికి వీల్లేదు. పూచీ నీది.”

పూచీ అంటే మాటలా? ఆయనకి మళ్లీ ఏమైనా అయితే మాట పడేది తనే. మాట సంగతి అలా ఉంచితే, కోడలికి ఆయనంటే ప్రాణం. అందుకే షికార్లన్నీ బంద్. ఆయన తిండి తగ్గించారు, హాస్యాలు మానేశారు, కిటికీ పక్కన కూర్చుని వచ్చేపోయే బస్సుల నంబర్లు పైకి చదవడం మొదలుపెట్టారు. అది వినలేక ఆవిడ ఓ రోజు, కాలక్షేపానికి ఓ పిల్లిని తెచ్చుకుందామా మావయ్యా అంటే, కాసేపు ఆలోచించి, చాలాకాలానికి మొదటిసారి నవ్వారు.

“ఇల్లు కదలని రకం చూపించండి,” అంది కోడలు.

యజమాని పర్షియన్ పిల్లిని తెచ్చాడు. మావయ్యగారు దాన్ని ఒళ్లో పెట్టుకుని, దించి, తన చొక్కా చూసుకున్నారు.

“బట్టల నిండా బొచ్చే! అమ్మాయి ఉతకలేక చస్తుంది.”

ఈ వయసులోనూ తన చాకిరీ గురించి ఆలోచిస్తున్నందుకు కోడలు కరిగిపోయింది.

“పోనీ ఈ రాగ్‌డాల్ చూడండి. ఎత్తుకుంటే గుడ్డబొమ్మలా వాలిపోతుంది.”

ఆయన కళ్లు మెరిశాయి. రెండు చేతులా ఎత్తారు. ఎత్తినంత వేగంగానూ దించేశారు.

“అమ్మో, సిమెంటు బస్తా! నావల్ల కాదు.”

చివరికి మూలనున్న చప్పిడి ముక్కుది కంటబడింది. అది ఎగ్జాటిక్ షార్ట్‌హెయిర్ అట. పర్షియన్‌కి పొట్టి బొచ్చు చెల్లెలు లాంటిదన్నమాట. మావయ్యగారు ఎత్తారు. అది కళ్లు తెరవలేదు. అటూ ఇటూ ఊపారు. తెరవలేదు. చెవి దగ్గర చిటిక వేశారు. చెవి ఒకటి కదిలి, మళ్లీ పడుకుంది.

“ఇదే!” అన్నారు.

“తలుపులు బార్లా తెరిచినా ఇది గడప దాటదమ్మా. పూచీ నాది,” అన్నాడు యజమాని.

దానికి ‘ప్యాసింజరు’ అని పేరు కూడా మావయ్యగారే పెట్టారు.

రెండు రోజులు బాగానే గడిచాయి. ఆ మర్నాడు కోడలు తను పనిచేసే మందుల షాపు నుంచి వచ్చి వంటింట్లోకి దూరిందో లేదో, ముందుగదిలోంచి కేక. “అమ్మాయ్, పిల్లి పారిపోయింది!” ఆవిడ చేతులు కడుక్కుని పరిగెత్తుకొచ్చేలోపే ఆయన మెట్లు దిగేశారు.

చీకటి పడే వేళకి పిల్లిని భుజాన వేసుకుని వచ్చారు. ఆయన రొప్పుతున్నారు. పిల్లి ఆవలిస్తోంది.

“ఎక్కడ దొరికింది మావయ్యా?”

“ఎక్కడని చెప్పనమ్మా! నాలుగు వీధులు గాలించాను.”

కోడలు కిటికీలకి జాలీ కొట్టించింది. బాల్కనీకి వల కట్టించింది. తలుపుకి ఇంకో గడియ పెట్టించింది. అయినా రోజూ సాయంత్రమయ్యేసరికి పిల్లి మాయం!

“మీరు ఉండండి, నేను వెతుకుతాను!”

“నా పిలుపుకి తప్ప పలకదమ్మా!” అప్పటికే ఆయన గొంతు కింది అంతస్తులోంచి వినిపించేది.

కోడలు ఒళ్లు మండి కొట్టు యజమానికి ఫోన్ చేసి దులిపేసింది.

“గిన్నె దాకా నడవడానికే బద్ధకించే జాతమ్మా అది!” అతను లబోదిబోమన్నాడు. “పట్టుకొచ్చేయండి. ఇంకోటి ఇస్తాను.”

ఆ మాట చెప్పగానే మావయ్యగారి చేతిలో ముద్ద ఆగిపోయింది.

“మూగజీవం తల్లీ. ఇంకొక్క అవకాశం ఇవ్వు.”

కోడలికి కాదనబుద్ధి కాలేదు. నిజానికి ఆ పిల్లి వచ్చాక ఆయన మారు వడ్డించుకుంటున్నారు. హాస్యాలు మళ్లీ మొదలయ్యాయి. కాలు చూసిన డాక్టరయితే భేష్ అని భుజం తట్టాడు. కానీ రోజూ ఆయన తిరిగొచ్చేదాకా ఆవిడ ప్రాణాలు అరచేతిలో ఉంటున్నాయి, మళ్లీ ఎక్కడ పడిపోతారోనని.

ఇక లాభం లేదు. ఈ పిల్లి ఏ సందులోంచి పోతోందో కనిపెట్టి, ఆ సందు మూసేస్తే సరి. మర్నాటి సాయంత్రం ఆవిడ వంటింట్లో కుళాయి తిప్పి వదిలేసి, అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి, కర్టెన్ చాటునుంచి ముందుగదిలోకి తొంగిచూసింది.

గాఢనిద్రలో ఉన్న పిల్లిని మావయ్యగారు తల బయటికి ఉండేలా కూరల సంచీలోకి పదిలంగా దింపి, చదరంగం పెట్టె దాని పక్కన సర్ది, సంచీ భుజానికి తగిలించుకుని, చెప్పుల్లో కాళ్లు దూర్చి, వంటింటి వైపు తిరిగి గొంతు చించుకున్నారు, “అమ్మాయ్, పిల్లి మళ్లీ పారిపోయింది!”